తుప్పు కింద తేదీ: పాత చిత్రికలు కొనడం, వయసు కట్టడం, అమ్మడం

నెల్లూరులో పాత ఇనుము కొనే షాపుకి వెళ్తే చిత్రిక, అంటే వడ్రంగి చెక్కని నునుపు చేసే పనిముట్టు, ఎప్పుడూ ఎదురుగా కనపడదు. సైకిల్ ఫ్రేములు, పగిలిన పంపు బాడీలు, ఫ్యాన్ రెక్కలు, ఆ కుప్ప అడుగున ఎక్కడో ఒక చెక్క పిడి కొమ్ములాగా పొడుచుకొచ్చి ఉంటుంది. అది కనపడగానే ఉరికి లాగకండి. ముందు రెండు మేకుల డబ్బాలు, ఒక సుత్తి తల అటూ ఇటూ తిప్పి చూడండి. మొదటిసారి నేను నేరుగా చిత్రిక మీద పడ్డాను. కాటా దగ్గర కూర్చున్న పెద్దాయన నవ్వాడు. "ఏంది సామీ, ఆ తుప్పు ముక్కని అంతసేపు చూస్తా ఉండావు? అంత మంచిదా అది?" అన్నాడు. అంతే, కిలోల్లో పోవాల్సిన సరుకు ముక్క లెక్కకి మారిపోయింది.

చిత్రిక, తోపడా, రందా, ఏ పేరుతో పిలిచినా వస్తువు ఒకటే. కరెంటు ప్లేనర్లు వచ్చాక చాలా ఇళ్ళలో ఇవి అటకెక్కాయి. వాటిని కొనాలన్నా, ఏ కాలంవో తెలుసుకోవాలన్నా, అమ్మాలన్నా ఏం చేయాలో నాకు తెలిసినంత వరకు వరసగా చెప్తాను. ఒక్క మాట ముందే గుర్తు పెట్టుకోండి: వయసు బాడీని చూసి కట్టాలి, వెల బ్లేడుని చూసి కట్టాలి. ఈ రెండూ కలగలిపితే డబ్బు పోతుంది.

1. పనికా, దాచుకోడానికా?

పనికైతే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఇనుప చిత్రికల్లో నంబరు చూసి సైజు చెప్పొచ్చు. 4 నంబరు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల బ్లేడు, నునుపు చేయడానికి. 5 నంబరు 14 అంగుళాలు, మనవాళ్ళు జాక్ ప్లేన్ అనేది దీన్నే. 6 నంబరు 18, 7 నంబరు 22, 8 నంబరు 24 అంగుళాలు. పొడవు పెరిగేకొద్దీ తలుపు చెక్క, మంచం పట్టె లాంటి పొడుగు కొయ్యని తిన్నగా తీయడానికి పనికొస్తాయి. ఒకటే కొనాలంటే 5 కొనండి. తలుపు బిగుసుకుంటే అదే, బల్ల నునుపు చేయాలంటే అదే.

దాచుకోడానికైతే లెక్క వేరు. అరుదైన నంబర్లు, పాత ముద్రలు, మార్చని విడిభాగాలు చూడాలి. అమెరికా కంపెనీ స్టాన్లీ చేసిన ఐదున్నర అంగుళాల 1 నంబరు బొమ్మంత ఉంటుంది. ప్రపంచమంతా దానికోసం ఎగబడతారు, అందుకే నకిలీలూ ఎక్కువే. మన పక్క పాత ఇనుములో అది దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. 1897 నుంచి 1962 దాకా తయారైన స్టాన్లీ 55 అనే గాడుల చిత్రిక ఇంకో రకం. దానికి బోలెడన్ని బ్లేడులుంటాయి, అవి లేకుండా బాడీ ఒక్కటే దొరికితే అది పేపర్ వెయిట్‌కి పనికొస్తుంది.

2. ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

పాత ఇనుము షాపులు చివరి మజిలీ. అక్కడికి చేరేసరికి సగం స్క్రూలు రాలిపోయి ఉంటాయి. అంతకంటే ముందు చూడాల్సినవి మూతపడిన ఫర్నిచర్ వర్క్‌షాపులు, టింబర్ డిపోల వెనక గదులు, కూల్చబోతున్న పాత పెంకుటిళ్ళు. మార్కాపురం వైపు పలకలకి చెక్క చట్రాలు కట్టిన ఇళ్ళలో చిన్న చిత్రికలు చూశాను. ఉదయగిరిలో చెక్క గరిటెలు, ఫోర్కులు చేసేవాళ్ళ దగ్గర మాత్రం వెతికి లాభం లేదు. వాళ్ళ పని ఆకురాయితో, చిన్న ఉలితో.

వడ్రంగి ఇంటికి వెళ్తే పద్ధతి వేరే. పెద్దాయన్ని "ఆచారి గారూ" అని పిలవండి. వెళ్ళిన వెంటనే అమ్ముతారా అని అడగొద్దు. పనిముట్లు చూపించమనండి, ఏ పని దేనితో చేశారో చెప్పించుకోండి. దసరా ముందు అసలు వెళ్ళొద్దు. ఆయుధ పూజలో కూర్చోబెట్టబోయే పనిముట్టుకి బేరం పెడితే ఎవరికైనా కోపం వస్తుంది. కందుకూరు దగ్గర ఒక ఇంట్లో నాకు ఇచ్చిన జవాబు ఇంకా గుర్తుంది: "మా నాయన చేత్తో పట్టింది బాబూ. నువ్వు పని చేస్తానంటే ఇస్తా, అద్దాల బీరువాలో పెడతానంటే ఇయ్యను." పని చేస్తానన్నాను. చేస్తున్నాను కూడా.

ఇలాంటి ఇళ్ళలో బేరం ఆడకపోతేనే మేలు. నచ్చిన ధర అయితే ఇవ్వండి, కాకపోతే కాఫీ తాగి రండి. షాపులో మాత్రం మొహమాటం అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. మన వెలిగొండల దగ్గరి ఊళ్ళలో ఎర్ర కొయ్యతో చేసిన పాత చిత్రికలు అప్పుడప్పుడూ బయటపడతాయి. ఎర్రచందనం అని చెప్పి ఎక్కువ రేటు చెప్పేవాళ్ళున్నారు. నిజంగా ఎర్రచందనమే అయితే అది చెక్‌పోస్టు దగ్గర మీకే తలనొప్పి. పాతదని, పనిముట్టని వివరించుకుంటూ కూర్చోవాలి. నేను ముట్టుకోను.

3. చేతిలోకి తీసుకున్నాక

మీ సంచిలో ఉండాల్సినవి ఇవి: ఒక స్క్రూడ్రైవర్, ఆరంగుళాల ఇనుప స్కేలు, చిన్న సీసాలో కిరసనాయిలు, గుడ్డముక్క, సుద్దముక్క, ఒక గుండుసూది. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

మొదట తిరగేసి నోరు చూడండి. అడుగున బ్లేడు బయటికి వచ్చే సందుని నోరు అంటాం. బాడీ పోత ఇనుము. కిందపడితే వంగదు, పగులుతుంది. పగులు దాదాపు ఎప్పుడూ నోటి మూలల దగ్గరే మొదలై పక్క గోడలోకి పాకుతుంది. తుప్పు, నూనె మడ్డి ఉంటే కంటికి కనపడదు. అప్పుడు సీసా తీసి నోటి చుట్టూ నాలుగు చుక్కల కిరసనాయిలు పూయండి. ఒక నిమిషం ఆగి గుడ్డతో పొడిగా తుడవండి. ఆ తర్వాత సుద్దముక్కని నలిపి ఆ చోట పలచగా రుద్దండి. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్లగీత తేలుతుంది. ఒకసారి ఒంగోలులో ఒక 7 నంబరు మీద ఇలా చేస్తే, నోటి మూల నుంచి గోడ సగం దాకా గీత నడిచింది. షాపు కుర్రాడే "అబ్బో, విరిగిందా!" అన్నాడు. దాన్ని అక్కడే వదిలేశాను.

వెల్డింగు పెట్టిన బాడీ రంగు తేడాతో దొరికిపోతుంది. రంగు వేసి దాచితే శబ్దంతో పట్టుకోవచ్చు. విడిభాగాలన్నీ విప్పి, బాడీని ఒక వేలికి తగిలించి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి బాడీ ఖంగుమంటుంది. పగిలింది పగిలిన కుండలాగా మొద్దుగా పలుకుతుంది.

తర్వాత బ్లేడు. నిలువు గాడి చివర నుంచి అంచు దాకా ఎంత మిగిలిందో స్కేలు పెట్టి చూడండి. అంగుళం లోపు ఉంటే బ్లేడు అయిపోయినట్టే లెక్క, కొత్తదాని ఖర్చు కలుపుకోవాలి. పొడవు కంటే ముఖ్యం బ్లేడు వెనక భాగం. అంచుకి దగ్గరలో తుప్పు గుంటలు పడి ఉంటే ఎంత నూరినా అంచు రంపం పళ్ళలాగే వస్తుంది. పై వైపు తుప్పు గురించి దిగులు వద్దు.

బ్లేడు లోతు మార్చే ఇత్తడి చక్రం చాలాసార్లు బిగుసుకుపోయి ఉంటుంది. పటకారు పెట్టి తిప్పేముందు ఆగండి. స్టాన్లీ తరహా చిత్రికల్లో ఎక్కువ వాటికి అది ఎడమ మర, అంటే మామూలు నట్టుకి ఉల్టా తిరుగుతుంది. ఇది తెలియక బలంగా తిప్పి మర తెంపేసిన చిత్రికలు నేను మూడు చూశాను, అందులో ఒకటి నేను తెంపిందే. కిరసనాయిలు పోసి ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు కదులుతుంది.

స్క్రూలు లెక్కపెట్టండి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ కాదు. అమెరికన్ స్టాన్లీ పిడి బోల్టులకి అంగుళానికి 20 చుట్ల మర, అదీ మామూలుగా దొరకని మందంలో ఉంటుంది. మన హార్డ్‌వేర్ షాపుల్లో దానికి సరిపడే స్క్రూ ఉండదు. ఒక్క స్క్రూ కోసం ఇంకో చిత్రిక కొనాల్సి వస్తుంది. (నా ఇంట్లో విడిభాగాల డబ్బా ఎందుకు అంత పెద్దగా ఉందో మా ఆవిడకి ఇలాగే వివరించాను. ఆమె నమ్మలేదు.)

చెక్క చిత్రికైతే గుండుసూదితో అడుగు, మూలలు గుచ్చి చూడండి. సూది సులువుగా దిగితే లోపల చెద తినేసింది. బ్లేడు తీయడానికి పటకారుతో లాగకండి. చిత్రిక వెనక చివర మీద కొయ్య సుత్తితో రెండు దెబ్బలు వేస్తే బిగించిన చీల వదులై బ్లేడు దానంతట అదే ఊడుతుంది.

4. తుడవకముందే చూడండి

ఇది నేను డబ్బు, మనశ్శాంతి రెండూ పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. బిట్రగుంట దగ్గర ఒక ఇంట్లో 5 నంబరు ఒకటి దొరికింది. ఎడమ గోడ మీద తుప్పు కింద ఏవో అక్షరాలు పొడిచినట్టున్నాయి, వేలికి తెలిసీ తెలియనట్టు తగిలాయి. తర్వాత తీరిగ్గా చూద్దాంలే అనుకుని తుప్పు తీయమని ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. బఫింగ్ చక్రం మీద అద్దంలా మెరిపించి ఇచ్చారు. అక్షరాలు పోయాయి. చివర 'ఆర్' అనే అక్షరం తోక మాత్రం మిగిలింది. అది ఎం.ఎస్.ఎం.ఆర్ అనే పాత రైల్వే ముద్ర అయి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. ఇక ఎప్పటికీ తేలదు.

బిట్రగుంట ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్ ఉన్న ఊరు. అక్కడి పనిముట్ల మీద రైల్వే ముద్ర ఉందంటే దాని కాలం ఇట్టే చెప్పొచ్చు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1908లో ఏర్పడి 1951 ఏప్రిల్‌లో సదరన్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ రైల్వే పుట్టింది. కాబట్టి ఎం.ఎస్.ఎం.ఆర్ అని ఉంటే ఆ పనిముట్టు 1908కి, 1951కి మధ్య రైల్వే చేతిలో ఉంది. ఎస్.సి.ఆర్ అని ఉంటే 1966 తర్వాత.

ఆ ముద్రే ఇంకో చిక్కు తెస్తుంది. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966లోనే ఒక చట్టం వచ్చింది. ముద్ర ఉన్నది కొంటే అది బయటికి ఎలా వచ్చిందో అడగండి. వేలం రశీదు ఉంటే అడిగి తీసుకోండి. తాతగారు రిటైరైనప్పుడు తెచ్చుకున్నారు అనే మాట ఒక్కటీ నాకైతే సరిపోదు.

కాబట్టి ఇంటికి తెచ్చిన మొదటి రోజు చేయాల్సింది ఇదే: కిరసనాయిల్లో ముంచిన మెత్తటి గుడ్డతో మడ్డి మాత్రం తీసి, సాయంత్రపు ఏటవాలు ఎండలో పెట్టి అన్ని వైపులా ఫోటోలు తీయండి. నడినెత్తి ఎండలో పొడుపు అక్షరాలు కనపడవు, పక్క నుంచి వచ్చే వెలుగులో నీడ పడి తేలుతాయి. ఉప్పు కాగితం, తీగ బ్రష్షు, కొత్త రంగు, ఇవన్నీ తర్వాత.

5. వయసు కట్టడం

బ్లేడు మీద ముద్ర చూసి ఇది ఫలానా సంవత్సరంది అనేవాళ్ళని నమ్మకండి. బ్లేడు అరిగిపోయే వస్తువు. నలభై ఏళ్ళు పని చేసిన చిత్రికకి రెండు మూడు బ్లేడులు మారతాయి. పిడి విరిగితే టేకుతో కొత్తది చెక్కుకుంటారు. మారనిది పోత పోసిన బాడీ ఒక్కటే. సాక్ష్యం అక్కడ వెతకాలి.

అమెరికాలో తయారైన స్టాన్లీ అయితే పని సులువు. లియొనార్డ్ బెయిలీ అనే ఆయన పేటెంట్లని స్టాన్లీ కంపెనీ 1869లో కొనుక్కుంది, ఈ చిత్రికల మీద 'బెయిలీ' అని ఉండేది అందుకే. ఆ పేరు బాడీ ముందు భాగంలో పోతలోనే కనిపిస్తే 1902 తర్వాతది. ఇప్పుడు బ్లేడు, అది ఆనుకునే ఫ్రాగ్ అనే దిమ్మ తీసి, దాని వెనక బాడీ మీద చూడండి. మూడు పేటెంట్ తేదీలు, అంటే 1902 నాటివి రెండు, 1910 నాటిది ఒకటి ఉంటే సుమారు 1910 నుంచి 1918. రెండు తేదీలుండి అందులో ఒకటి 1910ది అయితే సుమారు 1919 నుంచి 1924. 1910ది ఒక్కటే ఉంటే 1925 నుంచి 1928. ఏ తేదీ లేకుండా, ముందు వైపు చేత్తో పట్టుకునే గుండు చుట్టూ బాడీలో ఉబ్బెత్తు వలయం ఉంటే 1929 తర్వాతది.

ఇంకో మూడు ఆనవాళ్ళు ఈ లెక్కకి తోడొస్తాయి. ముందు గుండు పొట్టిగా, లడ్డూలాగా ఉంటే దాదాపు 1919కి ముందు, పొడుగ్గా ఉంటే తర్వాత. బ్లేడుని నొక్కిపట్టే లివర్ క్యాప్‌లో స్క్రూ దూరే కంత తాళంచెవి కన్నంలా ఉంటే పాతది, చిక్కుడు గింజలా వంపు తిరిగి ఉంటే 1933 తర్వాతది. ఇక ఇత్తడి ఉండాల్సిన చోట నల్లటి గట్టి రబ్బరు చక్రం ఉందా, అది రెండో ప్రపంచ యుద్ధం నాటిది, 1942 నుంచి 1945 లోపు. యుద్ధానికి ఇత్తడి కావాల్సి వచ్చింది.

వీటిలో ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పొద్దు. లివర్ క్యాప్ మార్చడం క్షణం పని. బాడీ ఒకటి చెప్పి, క్యాప్ ఇంకోటి చెప్తుంటే బాడీ మాటే వినండి. పైగా ఫ్యాక్టరీలో కూడా పాత భాగాలు మిగిలితే పారేయకుండా కొత్త బాడీలకి బిగించి పంపేవాళ్ళు. అందుకే 'సుమారు' అనే మాట వదలకండి.

ఇక అసలు తిరకాసు. మన నెల్లూరు, ప్రకాశం ఇళ్ళలో నాకు కనిపించిన స్టాన్లీల్లో ఎక్కువ 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉన్నవే. స్టాన్లీ 1930ల చివర్లో షెఫీల్డ్‌లోని ఒక కంపెనీని కొని అక్కడ తయారీ మొదలుపెట్టింది. పైన చెప్పిన తేదీల లెక్క అమెరికన్ వాటికే, ఇంగ్లండు వాటికి పనికిరాదు. వాటి మీద ఆ లెక్క వేసి "1910 నాటిది" అని అమ్మేవాళ్ళకి తెలియక చెప్తున్నారో, తెలిసి చెప్తున్నారో మీరే తేల్చుకోండి. ఇంగ్లండు స్టాన్లీ అంటే ఎంత పాతదైనా ఆ 1930ల చివరి నుంచే.

నీలం రంగు బాడీ మీద రికార్డ్ అని ఉంటే అదీ షెఫీల్డ్‌దే. సి అండ్ జె హాంప్టన్ కంపెనీ వీటి తయారీని 1930ల మొదట్లో మొదలుపెట్టింది. నంబరు ముందు సున్నా ఉంటుంది: 04, 05. సైజు స్టాన్లీ 4, 5 లాంటిదే. పని చేసేవాళ్ళకి ఇవి చాలా మంచివి. అనంత్ లాంటి మన దేశపు బ్రాండ్లు కూడా ఇదే నమూనాలో వస్తాయి. ప్లాస్టిక్ పిడి కనిపిస్తే పాతదన్న లెక్కలోంచి తీసేయండి.

చెక్క చిత్రికల్లో దొరలు తెచ్చినవి బీచ్ చెక్కతో ఉంటాయి. తయారీదారు పేరు ముందు చివర మీద, చెక్కలోకి నొక్కిన చిన్న అక్షరాల్లో ఉంటుంది. బ్లేడు మీద 'కాస్ట్ స్టీల్' అని ఉంటే మూసల్లో కరిగించి తీసిన పాతకాలం ఉక్కు అన్నమాట, 19వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం మొదటి భాగం దాకా ఆ మాట వాడారు. ఆ బ్లేడుని పక్క నుంచి చూడండి. అంచు దగ్గర మందంగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. ఏటవాలుగా నూరిన చోట తడిపి చూస్తే రెండు రంగుల మధ్య సన్నటి గీత కనిపిస్తుంది. మెత్తటి ఇనుము మీద ఒక రేకంత గట్టి ఉక్కు అతికించారు, ఖరీదైన ఉక్కు అంచుకే వాడారు. మన కమ్మరి లారీ కమాను కట్టతో కొట్టిన బ్లేడులో ఆ గీత ఉండదు, మందం అంతటా ఒకటే. దానికి దర్జా తక్కువేమో గానీ అంచు బాగా నిలుస్తుంది.

మన ఊరి ఆనవాళ్ళు వేరే ఉన్నాయి, అవి ఏ దొర పుస్తకంలోనూ ఉండవు. పెట్టె దొరికితే దాన్ని పారేయకండి. ధర అణాల్లో రాసి ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందు అమ్మింది, ఎందుకంటే ఆ రోజు నుంచే నయా పైసలు వచ్చాయి. షాపు చీటీ మీద 'ఒంగోలు, గుంటూరు జిల్లా' అని ఉంటే 1970 ఫిబ్రవరికి ముందుది, ప్రకాశం జిల్లా అప్పుడే పుట్టింది, మొదట ఒంగోలు జిల్లా పేరుతో. 'కందుకూరు, నెల్లూరు జిల్లా' అని ఉంటే కూడా అంతే అని చెప్పేవాణ్ణి, 2022లో కందుకూరుని మళ్ళీ నెల్లూరులో కలిపి నా లెక్క చెడగొట్టారు. అడ్రసులో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. ఇవన్నీ అమ్మిన కాలం చెప్తాయి, తయారైన కాలం కాదు. షాపులో పదేళ్ళు దుమ్ము పట్టిన సరుకు ఎంతో ఉంటుంది.

6. రేటు

మూడు అంకెలు చేతిలో పెట్టుకుని వెళ్ళండి. ఒకటి, పాత ఇనుము ఆ రోజు కిలో ఎంత. 5 నంబరు రెండు కిలోల పైచిలుకు తూగుతుంది, దాంతో కింది గీత తెలుస్తుంది. రెండు, హార్డ్‌వేర్ షాపులో కొత్త దేశవాళీ చిత్రిక అదే సైజులో ఎంత. పనికోసం కొనే పాతదానికి అది పై గీత, బ్లేడు, బాగుచేత ఖర్చులు కలిపి. మూడు, ఆన్‌లైన్‌లో అదే మోడల్ నిజంగా అమ్ముడుపోయిన ధర. అడుగుతున్న ధర కాదు, అమ్ముడుపోయినది. లక్ష అని రాసిపెట్టి మూడేళ్ళు కూర్చున్నవాళ్ళున్నారు, అది ధర కాదు, కోరిక.

పగులుంటే పని ధరలో సగం కూడా ఇవ్వను. పిడి కొమ్ము విరిగితే పెద్దగా తగ్గించను, అది అందరికీ విరుగుతుంది.

7. పనికి తెచ్చుకోవడం

దాచుకునేదైతే ఈ భాగం వదిలేయండి, మడ్డి తీసి నూనె రాసి పెట్టండి. పనికైతే మనకో వరం ఉంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కట్ చేసే చోట పాలిష్ అయిన ముక్కలు మిగులుతాయి. రెండడుగుల ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, ఇనుప స్కేలు నిలబెట్టి కింద వెలుతురు కనపడకుండా ఉందో లేదో చూసుకోండి. దాని మీద నీటి ఉప్పు కాగితం అతికించి చిత్రిక అడుగుని రుద్దితే చదునవుతుంది. ముందు అడుగు మీద పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. గీత మిగిలిన చోటు పల్లం. రుద్దేటప్పుడు బ్లేడు లోపలికి లాగి, లివర్ క్యాప్ మాత్రం మామూలుగా బిగించి ఉంచండి. ఆ బిగింపుకి బాడీ కొంచెం వంగుతుంది, పనిలో ఎలా వంగుతుందో అలాగే చదును చేయాలి. అడుగంతా అద్దం కానక్కర్లేదు. ముందు అంచు, నోటి చుట్టూ, వెనక అంచు ఒకే మట్టంలోకి వస్తే చాలు.

బ్లేడు 25 డిగ్రీల ఏటవాలుకి నూరండి. వెనక భాగం చివరి అంగుళం సానరాయి మీద చదునుగా రుద్దండి. పైన బిగించే రేకు అంచు బ్లేడుతో సందు లేకుండా కలవాలి, లేకపోతే పొట్టు ఆ సందులో దూరి నోరు మూసుకుపోతుంది.

మైపాడు, కొత్తపట్నం వైపు ఉండేవాళ్ళకి సముద్రపు గాలితో తుప్పు బెడద. కుట్టుమిషను నూనె రాసి, పెట్టెలో ముద్దకర్పూరం ఒకటి పెడితే బాగా ఆగుతుంది.

8. అమ్మేటప్పుడు

మెరిపించకండి. కొనేవాడికి కావాల్సింది పాత నల్లరంగు ఎంత మిగిలింది, ముద్రలు ఎలా ఉన్నాయి అన్నది. ఫోటోలు ఇవి తీయండి: అడుగు, రెండు పక్క గోడలు, నోరు దగ్గరగా, ఫ్రాగ్ తీశాక లోపలి భాగం, బ్లేడు రెండు వైపులా, బ్లేడు పక్కన స్కేలు పెట్టి, పిడి, విడిభాగాలన్నీ ఒక గుడ్డ మీద పరిచి. లోపాలు మీరే ముందు రాయండి. మార్చిన భాగం ఉంటే మార్చింది అని చెప్పండి. "చూసుకుని తీసుకోండి" అనే మాట ఉన్న చోట నేనైతే ఏదో ఉందనే అనుకుంటాను.

డబ్బు పంపడానికి మీకు క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమనేవాళ్ళు వస్తారు. మనకి డబ్బు రావడానికి మనం పిన్ కొట్టక్కర్లేదు. కొట్టమన్నారంటే ఫోన్ పెట్టేయండి.

విదేశాల నుంచి అడిగేవాళ్ళుంటే రెండు సంగతులు చూసుకోండి. వందేళ్ళు నిండిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు అయ్యే అవకాశం ఉంది, మామూలు మనుషులు దేశం దాటించకూడదు. పైన చెప్పిన లెక్కలో 1910లు, 1920ల మొదటి సంవత్సరాలు వచ్చినవన్నీ ఇప్పుడు ఆ గీత దాటేశాయి, లేదా దగ్గరే ఉన్నాయి. రెండోది, పాత అమెరికన్ స్టాన్లీ పిడులు బ్రెజిల్ రోజ్‌వుడ్‌వి. ఆ కొయ్య వ్యాపారం మీద 1992 నుంచి ప్రపంచమంతటా గట్టి ఆంక్షలున్నాయి. దేశం లోపలే అమ్ముకోవడం హాయి.

ప్యాకింగ్ దగ్గర బద్ధకం వద్దు. పార్సిల్‌లో ఒక్కసారి కింద పడితే పోత ఇనుము రెండు ముక్కలవుతుంది. బ్లేడు, క్యాప్ విప్పి విడిగా గుడ్డలో చుట్టండి. వెనక పిడి చుట్టూ స్పాంజి కట్టండి, విరిగేది ముందు అదే. బాడీని ఒక పెట్టెలో కదలకుండా సర్ది, ఆ పెట్టెని ఇంకో పెట్టెలో పెట్టండి. ఊపితే చప్పుడు రాకూడదు.

మూత వేసేముందు ఒక చీటీ రాసి బ్లేడు గుడ్డలో పెట్టండి. ఏ ఊళ్ళో, ఎలాంటి ఇంట్లో దొరికింది, మీరు ఏ భాగం మార్చారు, ఏ ముద్ర ఎక్కడుంది, వయసు ఎలా లెక్క కట్టారు. పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ సిరా నూనె తగిలితే నెలకే అలుక్కుపోతుంది.